రెండు కండువాల ఇల్లు

ఇంటిల్లిపాదీ ఒకే పార్టీకి ఓటేసి బాగుపడిన ఇల్లు ఎక్కడైనా ఉంటే చూపించండి, నేను రాయడం మానేస్తాను! ఇంట్లో ఇద్దరు మగవాళ్లుంటే ఇద్దరూ రెండు పార్టీల్లో ఉండాల్సిందే. ముగ్గురుంటే మూడోవాడు ఇండిపెండెంటుగా నిలబడాలి.

నవ్వకండి. అనంతపురం ఓటరు మనసు తెలుసుకుందామని టీవీల వాళ్లు కార్లేసుకుని ఎండలో తిరుగుతుంటారు. సర్వేలంటారు, గాలి అంటారు. బత్తలపల్లె దాటి ఈదులకుంటకు వచ్చి శ్రీరంగప్ప ఇంటి దండెం చూస్తే ఆ తిప్పలన్నీ తప్పేవి. దాని మీద రెండు కండువాలు పక్కపక్కనే ఆరుతుంటాయి. అన్న శ్రీరంగప్పది గొడుగు పార్టీ, తమ్ముడు ఓబిలేష్‌ది చెంబు పార్టీ. వాన పడని చోట గొడుగేమిటి, నీళ్లు లేని ఊళ్లో చెంబేమిటి అని నన్నడక్కండి. గుర్తులిచ్చేది నేను కాదు.

ఇందులో ఎంత సుఖముందో! గొడుగు గెలిస్తే అన్న ఎమ్మెల్యే గారి ఇంటి ముందు కుర్చీ వేయించుకుంటాడు. చెంబు గెలిస్తే తమ్ముడు వేయించుకుంటాడు. ప్రభుత్వాలు తారుమారయ్యాయి గానీ ఆ ఇల్లు ఇరవై ఏళ్లలో ఒక్క ఎన్నికా ఓడిపోలేదు. వాళ్ల నాయన పోయినప్పుడు రెండు పార్టీల వాళ్లూ పాడె మోయడానికి తోసుకున్నారు. ఒంటి పార్టీ ఇంటికి ఆ వైభోగం దక్కుతుందా?

ఊరంతా అదే దారి పట్టింది. మారెప్ప గొడుగైతే కొడుకు చెంబు. యేసన్న, రూతు దంపతులు ప్రార్థన చేసుకుని మరీ చెరో పార్టీ పంచుకున్నారు. అత్త చెంబైతే కోడలు గొడుగు. అత్తాకోడళ్లకు మాత్రం ఎవరూ నేర్పాల్సిన పని లేకపోయింది.

తూకం చూసే పెద్దమనిషి శ్రీరంగప్పే. తక్కువ పడిన వైపుకు వేసే ఓటు ఆయన భార్య ఓబమ్మది. పోలింగు రోజున ఆమె కాఫీ ఇస్తుంటే ఆయన వేళ్లు లెక్కపెట్టి చెప్పేవాడు.

"ఈసారి చెంబుకెయ్. ఆ పక్క ఒకటి తగ్గుతాండాది."

ఆమె వేసేది. వేసి వచ్చి, కడవ ఎత్తుకుని మైలు దూరంలోని బోరుకు పోయేది.

పదేళ్ల కిందట లెక్కింపులో అద్భుతం జరిగింది. ఈదులకుంట పోలింగు బూత్‌లో గొడుగుకు మూడు వందల ఎనభై ఆరు, చెంబుకూ మూడు వందల ఎనభై ఆరు! గెలిచిన గొడుగు నాయకుడు ఆ కాగితం చూసి, "సగం ఓట్లేసినారు, సగం పైపేస్తాం" అన్నాడు. అన్నట్టే బోరు నుంచి ఊరి నడుమ దాకా పైపు వేయించి, దాని మూతి బిగించేశాడు. ఐదేళ్లకు చెంబు గెలిచింది. బూత్‌లో మళ్లీ సరిసమానం. వాళ్లు ఇంటింటికీ కొళాయిలు పెట్టి, అవతలి కొస నుంచి ఊరి నడుమ దాకా పైపు తెచ్చి ఆపారు. రెండు పైపులూ శ్రీరంగప్ప గడప ముందు నాలుగడుగుల ఎడంతో ఆగిపోయాయి. కలిపితే పేరు ఎవరికి పోతుందో తెలియదు కదా!

ఆ ఎడం దాటుకుంటూ ఓబమ్మ ఐదేళ్లు నీళ్లు మోసింది. మోకాళ్లు అరిగాయి, ఒళ్లు మండింది. చివరికొక రోజు మోటార్లు బాగుచేసే ఆంజిని పిలిచి నాలుగడుగుల ముక్క వేయించింది. పావుగంట పని. కొళాయిలో నీళ్లు దూకితే ఆమె చిన్నపిల్లలా నవ్వింది. వీధంతా బిందెలు కడుక్కుంది.

దేశంలో ఐకమత్యం లేదంటారు గానీ, మరునాడు చూడాలి! గొడుగూ చెంబూ ఒక్కటై, ప్రభుత్వ ఆస్తిని పాడుచేశారని ఒకే కాగితం మీద ఫిర్యాదు ఇచ్చాయి. గొడుగు తరఫున సంతకం శ్రీరంగప్పది, చెంబు తరఫున ఓబిలేష్‌ది. మధ్యాహ్నానికి మనుషులొచ్చి ముక్క కోసుకుపోయారు.

అన్నదమ్ములు ఎండలో ఇల్లు చేరారు.

"ఓబమ్మా, రోంత నీళ్లియ్యి. నాలుక పిడచ కట్టుకపోతాండాది" అన్నాడు శ్రీరంగప్ప.

ఓబమ్మ ఒక ఖాళీ కడవ మొగుడి చేతికి, ఇంకొకటి మరిది చేతికి ఇచ్చింది.

"ఇంట్లో చుక్క లేదు. ఇన్నాళ్లకు ఇద్దరూ ఒక మాట మింద నిలబడినారు, మంచిది. బోరుకు గూడా కలిసే పోండి."

"వదినా, బండి తాళం యాడ పెట్టినావు?" అన్నాడు ఓబిలేష్.

"నేనెప్పుడన్నా బండి మింద పోయినానా?" అంది ఓబమ్మ. తాళం ఆమె బొడ్లోనే ఉంది.

ఆ మాట వీధిలో ఆడవాళ్లందరికీ వినపడింది. సాయంత్రానికి ప్రతి గడప ముందూ ఖాళీ కడవలు వెలిశాయి. పార్టీ భేదం లేకుండా మగవాళ్లంతా వరసగా బోరు దారి పట్టారు. మూడో రోజు పొద్దునకల్లా పైపు అతుక్కుంది. ఏ పార్టీ అతికించిందని ఒక్కరూ అడగలేదు.

పదేళ్ల గొడవ రెండు రోజుల మెడనొప్పితో తేలిపోయింది చూశారా? ఈ ఉపాయం ముందే తట్టక పాపం, ఓబమ్మ ఇరవై ఏళ్లు ఓట్లేసింది.