అలర్జీ లేని వంశం

"మన వంశంలో పుట్టే బిడ్డకు అలర్జీ అనేది ఉండరాదు!" అని మా అక్క ప్రమోద శాసనం చేసింది. అప్పటికి నా భార్య కళ్యాణికి మూడో నెల.

అక్క పోర్ట్ బ్లెయిర్‌లో ఒక మహిళా సంఘానికి అధ్యక్షురాలు. నేను ఓడ టికెట్ల ఆఫీసులో గుమాస్తాను. పైనుంచి ఉత్తర్వు వస్తే అందినట్టు సంతకం పెట్టడమే తప్ప, ఎందుకని అడగడం మా సర్వీసులోనే లేదు.

"ఇవి ప్రోబయోటిక్ గోలీలు. కడుపులో మంచి సూక్ష్మజీవుల్ని పెంచుతాయి. తల్లి మింగితే బిడ్డకు ఏ అలర్జీ రాదు. బస్, ఖతం!" అంటూ సీసాను మా ఫ్రిజ్‌లో ప్రతిష్ఠించింది. ప్రతి ఆదివారం వచ్చి, ఎన్ని తగ్గాయో చూసి వెళ్ళేది.

కళ్యాణికి ఆ వాసనకే వాంతి. "నావల్ల కాదు. మీ అక్కకి మీరే చెప్పండి," అంది. అక్కకు చెప్పడం కంటే గోలీ మింగడం తేలిక. ఆరు నెలలూ నేనే మింగాను! నాకు ఆకలి పెరిగింది, అక్కకు నమ్మకం పెరిగింది.

బాబు పుట్టాడు. చక్రి అని పేరు పెట్టాం. తొమ్మిదో నెలలో ఉడికిన గుడ్డు రవ్వంత పెడితే మూతి చుట్టూ ఎర్రటి దద్దుర్లు లేచాయి. కళ్యాణి కంగారుగా అక్కకు ఫోన్ చేసింది.

"దోమలు కుట్టుంటాయి," అని అక్క తేల్చేసింది. "ఈ ఆదివారం మా మీటింగులో వీణ్ణే చూపిస్తున్నాం. కార్డులు కూడా అచ్చయిపోయాయి!"

పోర్ట్ బ్లెయిర్ పేరు శ్రీ విజయపురంగా మారినా దోమలు పాతవే కాబట్టి నేనూ తలూపాను.

మీటింగుకు పిల్లల డాక్టరు ఫేబే ముఖ్య అతిథి. మా అమ్మ గవరమ్మ ముందు వరసలో కూర్చుంది. అక్క మైకు అందుకుంది.

"బహెనో! అలర్జీ లేని తరానికి ఈ బాలుడే నాంది! చూడండి, మీ అందరి ఎదుటా గుడ్డు తినిపిస్తున్నాను!"

"వద్దు వదినా!" అని కళ్యాణి లేచేలోపే చెంచా బాబు నోట్లోకి వెళ్ళింది. చప్పట్లు మోగాయి. సిగ్గు విడిచి చెబుతున్నాను, వాటిలో నావీ ఉన్నాయి.

కాసేపటికే బాబు పెదవులు వాచాయి. ఒళ్ళంతా దద్దుర్లు. గుక్కపట్టి ఏడుస్తున్నాడు. ఏం చెయ్యమంటుందోనని నేను అక్క వైపు చూశాను. కళ్యాణి మాత్రం బాబును అక్క చేతుల్లోంచి లాక్కుని డాక్టరు దగ్గరికి పరుగెత్తింది. ఆవిడ తన కారులోనే అందరినీ ఆసుపత్రికి తీసుకెళ్ళి మందు ఇచ్చింది. వాపు దిగి, బాబు తల్లి భుజం మీద నిద్రపోయాడు.

అప్పుడు డాక్టరు కాగితం తీసింది. "కడుపుతో ఉన్నప్పుడు ఆ గోలీలు తీసుకున్నారా?"

"తప్పకుండా!" అంది అక్క.

"లేదండీ," అంది కళ్యాణి. "ఈయన తీసుకున్నారు."

డాక్టరు నా పొట్ట వైపు ఒకసారి చూసింది.

"అదీ సంగతి!" అక్క లేచింది. "తల్లి మింగుంటే ఇలా అయ్యేదా?"

"మింగినా గ్యారంటీ లేదు దీదీ. పిల్లల చర్మం దురదలు కొంత తగ్గొచ్చేమో గానీ, గుడ్డు అలర్జీని ఆపుతాయని రుజువేమీ లేదు. మీ ఇంట్లో ఇంకెవరికైనా గుడ్డు పడదా?"

"మా వంశంలోనా? ఛీ ఛీ!"

గోడవార బల్ల మీద కూర్చున్న అమ్మకు ఒళ్ళు మండింది. "ఛీ ఏటే? నీకే పడదు కదే! గుడ్డు తింటే సాలు, మూతి బూరెలా పొంగీది. పెళ్ళి సంబంధాలు సెడిపోతాయని, పిల్లకి మొక్కుంది, గుడ్డు ముట్టదని సెప్పీవోళ్ళం. ముప్పై ఏళ్ళయినా ఆ మొక్కు తీరనేదు!"

డాక్టరు తల వంచుకుని, పైకే చదువుతూ రాసుకుంది: "మేనత్తకు గుడ్డు పడదు."

అక్క ముందుకు వంగింది. ఏ మైకులోనూ నేనెన్నడూ వినని గొంతుతో అంది:

"డాక్టర్ గారూ... మేనత్త అని కాకుండా, దూరపు బంధువు అని రాసుకుందురూ!"