అత్తగారు ఎక్కిన టాక్సీ

ఆ ఉదయం డిపో మేనేజరు వేసుకున్న పథకంలో ఎక్కడా లొసుగు లేదు. పదింటికి హెడ్డాఫీసు నుంచి పెద్ద మేడమ్ వస్తుంది, డిపో చూస్తుంది, మెచ్చుకుంటుంది. ఏళ్ల తరబడి తాత్కాలికంగా వేలాడుతున్న అతని ఉద్యోగం పర్మనెంటు అవుతుంది. డిపో అంటే డ్రైవర్లు లేని కరెంటు టాక్సీలది. నేలలో పలకలు బిగించి ఉంటాయి. నీరసించిన టాక్సీ తనంతట తానే వచ్చి పలక మీద నిలబడితే చాలు, తీగా ప్లగ్గూ లేకుండానే చార్జింగ్ ఎక్కుతుంది. పలకల చుట్టూ ఉన్న పసుపు గీతలు మేడమ్ కంటికి కళకళలాడాలని, ముందురోజు సాయంత్రమే పలకలన్నీ ఆపించి, రంగు వేయించడం మొదలుపెట్టాడు.

అతను మర్చిపోయింది ఒక్కటే. పరీక్ష కోసం కిందటి నెల తన ఇంటి వాకిట్లో బిగించిన పలక ఇంకా పనిచేస్తూనే ఉంది.

భార్య ఫోను చేసింది. "ఏమండీ, మన వాకిట్లోకి మీ టాక్సీ ఒకటి వచ్చింది. అమ్మ దగ్గరికెళ్లేసరికి తలుపు తెరుచుకుంది. పెట్టె సర్దుకుని ఎక్కి కూర్చుంది."

"ఎక్కడమేంటి? ఎక్కడికి?"

"నిన్న టీవీ సౌండు తగ్గించమన్నారుగా. నోటితో పొమ్మనలేక బండి పంపారంటోంది."

మేనేజరు తల పట్టుకున్నాడు. లోపల మనిషి ఉంటే చార్జింగ్ ఎక్కకూడదన్న నిబంధన పెట్టింది సాక్షాత్తూ అతనే. అత్తగారు దిగరు. దిగకపోతే చార్జింగ్ ఎక్కదు. చార్జింగ్ ఎక్కకపోతే బండి కదలదు. ఈలోగా ఊళ్లో నీరసించిన టాక్సీలన్నీ ఆ ఒక్క పలకనీ వెతుక్కుంటూ అతని సందులో ఒకదాని వెనక ఒకటి బారులు తీరాయి. ఎదురింటి డాక్టరుగారి కారు గేటు దాటలేక హారన్‌తో వీధంతా మోత మోగిస్తోంది.

ఫోను అత్తగారికి ఇవ్వమన్నాడు. "అత్తయ్యగారూ, మీరు కాస్త దిగితే..."

"ఎక్కించిందీ మీరే, దించేదీ మీరేనా అల్లుడుగారూ? అయినా ఇదేం బండి! ఎక్కి అరగంటైంది, ఉలకదు, పలకదు. అచ్చం మీలాగే."

"నేను పంపలేదండీ! అది చార్జింగ్ కోసం వచ్చింది."

"ఒక్కటైతే నమ్మేదాన్ని. సందు చివరిదాకా బళ్లే. నా ఒక్క పెట్టెకి ఇన్నెందుకండీ? మీరొచ్చి, నలుగురిలో ఉండమని అడిగితేనే దిగుతాను."

ఇలా కాదని మేనేజరు డిపో పలకలు ఆన్ చేశాడు. సందులో ఇరుక్కున్నవి అంగుళం కదల్లేదు. దారిలో ఉన్న రెండు టాక్సీలు మాత్రం ఆత్రంగా వచ్చి, ఆరని రంగు మీదుగా చక్కా నడిచి, పెయింటరు డబ్బాని తన్ని, నేలంతా పసుపు చారలు గీశాయి. అదే సమయానికి మేడమ్ ఫోను.

"మీ టాక్సీ నన్ను డిపోకి తేకుండా ఏదో సందులో దించిందండీ. ముందు బండిలో ఒకావిడ ఎవర్నో తిడుతున్నారు. ఎవర్నో తెలీదు గానీ, చాలా బాగా తిడుతున్నారు."

ఎక్కి వెళ్దామంటే డిపోకొచ్చిన రెండూ చార్జింగ్‌లో ఉన్నాయి, మిగతా టాక్సీలన్నీ ఇంటి దగ్గరే ఉన్నాయి. పసుపు బూట్లతో, రొప్పుతూ, పరిగెత్తుకుంటూ ఇల్లు చేరాడు. టాక్సీలో అత్తగారి పక్కనే మేడమ్ కాఫీ తాగుతూ కనిపించింది. ఇక పరువుకీ ఉద్యోగానికీ ఒకేసారి నీళ్లొదులుకుని, వీధి మొత్తం వినేలా అరిచాడు.

"అత్తయ్యగారూ! మీరు వెళ్లొద్దు! మా ఇంట్లోనే ఉండండి!"

"ఎన్నాళ్లు?"

"మీకిష్టమైనన్నాళ్లు!"

ఆవిడ తీరిగ్గా దిగింది. పలక మీద ఆకుపచ్చ దీపం వెలిగింది. మేనేజరు చేతులు కట్టుకుని మేడమ్ వైపు తిరిగాడు.

"మేడమ్, నేను చెప్పేది..."

"మీరేం చెప్పక్కర్లేదు," అంది మేడమ్. "టాక్సీ ఎలా ఉందని ఎవర్నడిగినా 'బాగుంది' అని నొక్కేసి పోతారు. ఈవిడ సీటు మొదలుకుని మీ నిబంధనదాకా దేన్నీ వదలకుండా కడిగేశారు. ఇలాంటి మనిషి కోసమే వెతుకుతున్నాం. రేపట్నుంచి మీ డిపోకి ఈవిడే సలహాదారు."

"మరి... నా పర్మనెంటు సంగతి?"

"అది ఆవిడిచ్చే రిపోర్టుని బట్టి."

ఆ సాయంత్రం టీవీ సౌండు అతనే పెంచాడు.