తనిఖీకి వచ్చిన చుట్టం

పేద విద్యార్థులు ఇకమీదట పైసా కట్టకుండా చదువుకోవచ్చని మా విశ్వవిద్యాలయం ప్రకటించిన సంగతి మీకు తెలిసే ఉంటుంది. షరతు ఒక్కటే. విద్యార్థి నిజంగా పేదవాడని అధికారి ఇంటికి వచ్చి కళ్లారా చూసి నిర్ధారించాలి. ఇంత న్యాయమైన షరతును తప్పుపట్టేవాడు ఉండడు. ఉంటే అతని పేదరికాన్నే అనుమానించాలి.

రాజోలు దిగువన ఒక గోదావరి లంకలో ఉండే నిఖితకు ఎమ్మెస్సీ కెమిస్ట్రీలో సీటు వచ్చింది. తండ్రి నూకరాజు చెట్లెక్కి కొబ్బరికాయలు దింపుతాడు. తల్లి సూరమ్మ కాయ వలుస్తుంది. రేకుల కప్పు, ఒకటే గది. ఉచిత చదువుకు ఇంతకన్నా తగిన కుటుంబం దొరకదని ఊరంతా అనుకుంది.

తనిఖీ అధికారి వీరన్నగారు మిట్టమధ్యాహ్నం వచ్చారు. చెమటతో తడిసిన మనిషిని చూడగానే సూరమ్మ తాను పేదదాన్నన్న సంగతి మరిచిపోయింది.

“అయ్యో, ఎండన పడొచ్చేరు! ముందు కూర్చోండి బాబుగారూ. బొండం తాగేక అడుగుదురుగానండి.”

పక్కింటి నుంచి కుర్చీ వచ్చింది. ఎదురింటి నుంచి టేబుల్ ఫ్యాను వచ్చింది. నూకరాజు బొండాలు కొట్టాడు. చేపల పులుసుతో భోజనం, ఆపైన అరువు తెచ్చిన కాజాలు. వీరన్నగారు వద్దు వద్దంటూనే మారు వడ్డించుకున్నారు. ఫ్యాను ముందు ఒక కునుకు తీసి, లేచి నివేదిక రాశారు: ‘కుర్చీ కలదు. ఫ్యాను కలదు. భోజనమందు చేపలు కలవు, అడిగినచో మళ్లీ కలవు. కుటుంబం సుభిక్షముగా ఉన్నందున రాయితీకి అనర్హులు.’ తిన్న ఇంటి పట్ల కూడా పక్షపాతం చూపని ఇలాంటి అధికారులు అరుదు.

అక్కడి నుంచి ఆయన కొబ్బరితోటల ఆసామి రమణబాబుగారి మేడకు వెళ్లారు. వారి అబ్బాయి కూడా రాయితీ కోరాడు మరి. గేటు తెరుచుకోలేదు. “ఎవరూ లేరండీ!” అని లోపలి నుంచి రమణబాబుగారే స్వయంగా చెప్పారు. ‘కూర్చోవడానికి కుర్చీ లేదు, తాగడానికి నీళ్లు లేవు, ఇంట మనుషులు సైతం లేరు. కడు దీనస్థితి’ అని నమోదైంది. అబ్బాయికి రాయితీ మంజూరైంది.

నిఖిత అమలాపురంలోని రాయితీల కార్యాలయానికి పరుగెత్తింది. గుమాస్తా కళ్యాణిగారు సానుభూతిపరురాలు.

“మీరు పేదోళ్లేనమ్మా, నాకు తెలుసు. కానీ ఈ ఫారంలో పేదలకో గడి ఉంది, ఉన్నోళ్లకో గడి ఉంది. మర్యాదస్తులైన పేదలకి గడి లేదు. మళ్లీ తనిఖీ వేయిస్తాను. ఈసారి కాస్త జాగ్రత్తగా ఉండండి.”

ఇంటికొచ్చి నిఖిత తల్లికి విషయం చెప్పింది.

“ఇంటికొచ్చిన మనిషిని ఎండలో నిలబెట్టి చదివేది ఏం చదువే?” అంది సూరమ్మ.

“ఒక్క పూటమ్మా. నా కోసం.”

వీరన్నగారు మళ్లీ వచ్చారు. ఈసారి ఉదయం ఫలహారం మానేసి వచ్చినట్టున్నారు. గుమ్మంలో నిలబడి పొయ్యి వైపు చూశారు, దగ్గారు. “పులుసు వాసన రావట్లేదేంటమ్మా?” అన్నారు. పెరట్లో సూరమ్మ చెంగు నోట్లో కుక్కుకుని అవతలికి తిరిగి కూర్చుంది.

“పోనీ మంచినీళ్లు?”

“లేవండి,” అంది నిఖిత. ఆ ఒక్క మాట అనేసరికి ఆమె ముఖం కందిపోయింది.

వీరన్నగారు తృప్తిగా కలం తీశారు. “చూశావా తల్లీ, మొదటిసారే ఇలా సహకరిస్తే ఎంత బాగుండేది!”

నిఖిత యూనివర్సిటీలో చేరింది. చేరిన రోజు జరిగిన సభలో పెద్దలు ‘పేదవాడి గడపలోకి విశ్వవిద్యాలయం అడుగుపెట్టింది’ అని చెప్పగా చప్పట్లు మోగాయి. సూరమ్మ మాత్రం వారం రోజులు వీధిలోకి రాలేదు.

పథకం ఘనవిజయం సాధించడంతో లంకలో ప్రతి ఇంటా ఇప్పుడు అదే సాధన. మీరెప్పుడైనా అటు వస్తే ఏ గుమ్మంలోనూ ఎవరూ రండి అనరు. మరోలా అనుకోకండి. మీ ఇస్త్రీ చొక్కా చూసి తనిఖీకి వచ్చారేమోనని భయపడతారంతే. మంచినీళ్లు మీరే తెచ్చుకోండి. అక్కడ పిల్లలు చదువుకుంటున్నారు.