హన్నమ్మ చేనికి ఆరు వేల మంది అతిథులు

మీ పొలం గట్టు మీద ఎవరైనా టోపీ పెట్టుకుని, మెడలో బైనాక్యులర్లు వేలాడేసుకుని నిలబడ్డారా? అదృష్టవంతులు! వెంటనే మంచం వాల్చి మంచినీళ్లివ్వండి. కాలవ నీళ్లకన్నా, యూరియా బస్తాకన్నా ముందు రైతుకు కావలసింది పక్షి ప్రేమికులే అని ఖరాఖండిగా చెబుతున్నాను.

నవ్వకండి. రుజువులున్నాయి.

గురజాల దాటాక ఎడమకు తిరిగే మట్టిరోడ్డు చివర మా ఊరు. బస్సు రాదు. ఊరి పేరు రాసిన బోర్డు పోయిన ఏడు గాలికి పడిపోతే, ఎవరో తీసుకెళ్లి గేదెల కొట్టానికి తలుపుగా పెట్టుకున్నారు. అంటే మేం అడ్రసు లేని మనుషులం. మరి ఇవాళ? ప్రపంచంలో ఏ మూల కూర్చునైనా పక్షుల యాప్ తెరవండి. మా ఊరి మీద ఎర్రచుక్క! దాన్ని హాట్‌స్పాట్ అంటారు. ఇన్నేళ్లలో ఏ నాయకుడూ తేలేని గుర్తింపును ఒక పిట్ట రెండు రోజుల్లో రెట్టలు వేసుకుంటూ తెచ్చిపెట్టింది.

ఆ పిట్ట పేరు గులాబీ గోరింక. మావాళ్లు జొన్నపిట్ట అంటారు. తల నలుపు, రెక్కలు నలుపు, మిగతా ఒళ్లు లేత గులాబీ. ఎక్కడో మధ్య ఆసియాలో పుట్టి, చలికి ఇటొచ్చి, ఎండలు ముదిరే వేళకు తిరిగి వెళ్లిపోతుంది. అంత దూరం ఎగరాలంటే ముందు కడుపు నిండాలి కదా? సరిగ్గా అప్పుడే మా జొన్న కంకి పాలు పోసుకుంటుంది. ఎంత చక్కటి ఏర్పాటు!

పిట్ట సరే, దాని ప్రేమికులు మా దాకా ఎలా వచ్చారు? వాళ్లు ప్రతి వసంతంలోనూ కోస్తా పక్షుల గణన అని ఒకటి జరుపుకుంటారు. సూర్యలంక ఇసుకలో, నిజాంపట్నం మడ అడవుల్లో తిరిగి, ఏ పిట్ట ఎన్ని కనిపించాయో రాసుకుంటారు. ఈసారి అక్కడ పిట్టలకన్నా లెన్సులు ఎక్కువయ్యాయట. కొత్త చోటు కోసం మ్యాపు తీస్తే, పల్నాడు కూడా కోస్తాలోనే కనిపించింది. కాగితం మీద మేం కోస్తావాళ్లమే మరి! మా ఊళ్లో సగం మందికి సముద్రం అంటే టీవీలో తుఫాను హెచ్చరిక. అయితేనేం? సముద్రం రాకపోయినా సముద్రం దగ్గర తిరిగేవాళ్లు వచ్చారు.

పదకొండు మంది నడికుడిలో రైలు దిగారు. అక్రం ఆటోలో రెండు ట్రిప్పులుగా ఊరు చేరారు. దారి చూపించడానికి ముందు సీట్లో నేనే కూర్చున్నాను.

ఇక మేళ్లు చూడండి. పక్షి ప్రేమికులు మాకు నేర్పిన మొదటి విద్య నిశ్శబ్దం. మా వైపు మనుషులం పక్క మనిషితో మాట్లాడినా కాలవ అవతలికి వినపడేలా మాట్లాడతాం. అలాంటిది వాళ్లు పెదవి మీద వేలు పెట్టి "ష్" అన్న దగ్గర్నుంచి అక్రం ఆటో హారన్ వైరు పీకేశాడు. టీ కొట్టు రబియా గ్లాసులు చప్పుడు కాకుండా గుడ్డ మీద పెట్టడం మొదలెట్టింది. పొద్దున్నే కూసే ఆమె కోడిపుంజును రెండు రోజులు గంప కింద పెట్టి, పైన దుప్పటి కప్పింది. ఊరంతా గుసగుసగా మాట్లాడుకుంటుంటే, కొత్తగా వచ్చినవాళ్లెవరైనా ఇక్కడేదో మర్యాదస్తుల కాలనీ ఉందనుకుంటారు!

ఒక్క హన్నమ్మ మాత్రం అరుస్తూనే ఉంది.

హన్నమ్మకు రెండెకరాల జొన్న. పొలం ఆమెది కాదు, కౌలుది. ఓనరు హైదరాబాదులో ఉంటాడు. అదే కౌలులో పక్కనే వేసిన మిరపను తామరపురుగు తినేసింది. కాబట్టి ఆ జొన్నే ఆమె ఇంట్లో ఏడాది తిండిగింజ. మొగుడు దేవదాసు నరసరావుపేటలో తాపీపని చేసుకుంటూ ఆదివారాలు వస్తాడు. అందుకని చేని మధ్యలో నాలుగు గుంజల మీద కట్టిన మంచె ఎక్కి, వడిసెలలో రాయి పెట్టి గిరగిరా తిప్పి విసురుతూ, తెల్లవారింది మొదలు పొద్దుగూకే దాకా హన్నమ్మే కేకలేస్తుంది. ఇంకో పది రోజులు అరిస్తే గింజ గట్టిపడుతుంది. గట్టిపడితే కోసుకోవచ్చు. అంటే ఆమెకు కావలసింది పది రోజుల గొంతు.

గణన బృందానికి పెద్ద సుస్మిత. బాపట్లలో లెక్చరరు. మంచి అమ్మాయి, చీమను కూడా పక్కకు జరగమని అడిగి అడుగు వేసే రకం. ఆమె మంచె దగ్గరకొచ్చి, ఆంటీ, ఒక్క రెండు గంటలు అరవకుండా ఉంటారా అని అడిగింది.

"అరవకపోతే అవి వచ్చి వాలతయ్యమ్మా."

"అదే కావాలి ఆంటీ. వాటి ఫీడింగ్ బిహేవియర్ రికార్డు చేయాలి."

హన్నమ్మ అక్రం వైపు చూసింది.

"అవి తింటా ఉంటే వీళ్లు రాసుకుంటారంట పిన్నీ," అన్నాడు అక్రం.

హన్నమ్మ మొహం ఒక్కసారిగా వెలిగింది. గబగబా మంచె దిగింది. వడిసెల చుట్టి బొడ్లో దోపుకుంది.

ఎందుకంటారా? మా వైపు మెడలో ట్యాగు వేసుకుని, చేతిలో ఫోను పట్టుకుని, పొలాన్ని ఫొటో తీసేవాళ్లు ఒకే పనికి వస్తారు. పంట నష్టం రాసుకోవడానికి! వాళ్లు కూడా రోడ్డు మీదే ఆగి, ఓనరును చేనుకు అడ్డంగా నిలబెట్టి ఫొటో తీసి వెళ్లిపోతారు. కౌలుదారు చేనులోకి ఎవరూ దిగరు. పోయిన ఏటి తుఫానుకు హన్నమ్మ వేసిన పత్తి నీళ్లలో నానినప్పుడు ఓనరు కారులో వచ్చి ఫొటో దిగి వెళ్లాడు. హన్నమ్మ ఆ ఫొటోలో లేదు. కారుకు అడ్డం రాకుండా పక్కకు తప్పుకోమన్నారు. అలాంటిది, మొట్టమొదటిసారి, ట్యాగులేసుకున్న పదకొండు మంది ఆమె చేనులోకే దిగి, ఆమెనే పలకరించి, పిట్టలు తింటుంటే రాసుకుంటామన్నారు. ఆమె ఏమనుకోవాలి?

పిట్టలు ఎంత ఎక్కువ తింటే అంత నష్టం రాస్తారు అనుకుంది!

తర్వాతి రెండు గంటలు నేను జన్మలో మరిచిపోను. ముందు పది వాలాయి. అవి చుట్టూ చూసి, ఏ రాయీ రాకపోయేసరికి కబురు పంపినట్టున్నాయి. ఆకాశం మూలనుంచి గులాబీ రంగు మబ్బు లేచి, మెలికలు తిరుగుతూ వచ్చి, రెండెకరాల మీద పరుచుకుంది. కెమెరాలు టకటకలాడాయి. ఒకాయన కళ్లద్దాలు తీసి కన్నీళ్లు తుడుచుకున్నాడు. పిట్టలదా, ప్రేమికులదా, ఎవరి ఆనందం ఎక్కువో తేల్చలేం!

అందరికన్నా హన్నమ్మే ఎక్కువ సహకరించింది. చడీచప్పుడు కాకుండా వంగి నడుస్తూ, సుస్మిత మోచెయ్యి పట్టుకుని ఉత్తరపు మూలకు తీసుకెళ్లింది.

"ఈడ జూడమ్మా. ఈడ ఇంకా చానా తింటన్నయ్."

ఒలిచేసిన కంకి ఒకటి పట్టుకుని ఫొటోకు నిలబడింది. తన పేరు, మొగుడి పేరు, సర్వే నంబరు చెప్పింది. సుస్మిత అన్నీ శ్రద్ధగా రాసుకుని, స్థానికులకు ఇంత ఆసక్తి ఉండటం ఎక్కడా చూడలేదని నాతో అంది. సర్వే నంబరు వినగానే నాకు విషయం అర్థమైంది. కానీ అప్పుడు నిశ్శబ్దం పాటిస్తున్నాం కదా? నేనూ పాటించాను.

"అంతా రాసుకున్నారా అమ్మా?" అంది హన్నమ్మ చివర్లో.

"రాయడమే కాదు ఆంటీ, అప్‌లోడ్ కూడా అయిపోయింది. ఆరు వేల నాలుగు వందలు. ఈ వసంతానికి ఇదే రికార్డు."

హన్నమ్మ ఆ పదకొండు మందికీ మజ్జిగ పోసింది.

మర్నాడూ ఆమె మంచె ఎక్కలేదు. రాసుకున్నది తక్కువైతే మళ్లీ చూడ్డానికి వస్తారేమో, అప్పటికి పిట్టలు ఉండాలి కదా అని ఆమె లెక్క. పిట్టలు నిన్నటి ఆతిథ్యానికి మురిసి చుట్టాలను వెంటబెట్టుకొచ్చాయి. ఆదివారం దేవదాసు వచ్చి చేను చూశాడు. కంకులన్నీ పళ్లు తోముకునే పుల్లల్లా నిటారుగా నిలబడి ఉన్నాయి.

"ఏమే, చేనుకేం తెగులొచ్చింది?"

"తెగులు గాదయ్యా. నష్టం రాయించా."

దేవదాసు ఒక కంకి విరిచి చూశాడు. రాసుకున్నోళ్లు ఏ ఆఫీసు వాళ్లని అడిగాడు. ఆమె బాపట్ల అంది. బాపట్లోళ్లకు మన నష్టంతో ఏం పని అన్నాడతను. అప్పుడు హన్నమ్మ ఆ చేని మధ్యలోనే కూలబడింది. అరెకరం మినహా అంతా ఊడ్చుకుపోయింది. ఏడాది తిండిగింజ, తన చేతులతో తనే వడిసెల చుట్టిపెట్టి, వడ్డించింది.

సోమవారం పొద్దున్నే పంట నష్టం రాసే మండలాఫీసుకు వెళ్లింది. తోడుగా నేనూ వెళ్లాను. అక్కడి ఉద్యోగి మర్యాదస్తుడు, వెంటనే కంప్యూటర్లో వెతికాడు. పొలం ఓనరు పేరు మీద ఉంది. కౌలుకార్డు కోసం రెండేళ్లుగా పెట్టిన అర్జీలు ఓనరు సంతకం కోసం ఆగి ఉన్నాయి. పోనీ పిట్టలు తిన్నట్టు రాయండి అంటే, తుఫాను ఉంది, వరద ఉంది, వడగళ్లున్నాయి, పిట్టలు మాత్రం జాబితాలో లేవు. అసలు పిట్టలు వాలినట్టు రుజువేమిటి అన్నాడు.

రుజువా! నేను సగర్వంగా ఫోను తీసి పక్షుల యాప్ చూపించాను. తేదీ, టైము, అక్షాంశం, రేఖాంశం, ఆరు వేల నాలుగు వందల పిట్టలు, నూట పది ఫొటోలు. కంకి పట్టుకుని హన్నమ్మ. పల్నాడు చరిత్రలో ఇంత పకడ్బందీ సాక్ష్యం ఏ కోర్టులోనైనా చూపించారా?

ఆయన మొత్తం చదివాడు. కింద వివరణ కూడా చదివాడు. పైకే చదివాడు. గులాబీ గోరింకలు మిడతల్ని తిని రైతుకు మేలు చేస్తాయని ఉందక్కడ. ఇంకా కిందికి జరిపితే మరో గడి. దాని పేరు పక్షులకు కలిగిన ఆటంకాలు. అందులో ఇలా రాసి ఉంది: ఒక స్త్రీ కేకలు. వివరించి చెప్పిన మీదట ఆగాయి.

"చూశావామ్మా, మేలే చేశాయంట," అన్నాడాయన.

"మీరొక్కసారి వచ్చి చేను జూడండి సార్," అంది హన్నమ్మ.

ఆయన కంప్యూటర్ వైపు తిరిగాడు. పక్క కుర్చీలోని ఉద్యోగి తన ఫోను వైపు తిరిగాడు. ఎదుటి కుర్చీ ఖాళీ. హన్నమ్మ అదే మాట ఇంకో రెండుసార్లు చెప్పింది. పావుగంట నిలబడి వచ్చేశాం.

చూడండి, నేను పక్షి ప్రేమికుల పక్షమే. ఇప్పటికీ అదే అంటాను. సుస్మితకు ఫోన్లో సంగతంతా చెబితే, ఆ పిల్ల ఏడ్చింది. ఆ రాత్రే ఆటంకాల గడి తీసేసి, ఎకరన్నర పంట నష్టం అని రాసి, ఆఫీసుకు తన పేరుతో ఉత్తరం పంపింది. ఎంత దూరం నుంచో వచ్చి, ఎండలో నిలబడి, చూసింది చూసినట్టు రాసి, తప్పు రాస్తే దిద్దుకునేవాళ్లు మా చేలల్లో అడుగుపెట్టడం అదే మొదలు. అందుకే మేలు అన్నాను! ఉత్తరానికి జవాబు వచ్చిందా అని మాత్రం అడగకండి.

మొన్న గురువారం ఇంకో బృందం దిగింది. రికార్డు గురించి విని ఒంగోలు నుంచి వచ్చారు. హన్నమ్మ మంచె మీద ఉంది. మిగిలిన అరెకరం మీద నాలుగు వందల పిట్టలు తిరుగుతున్నాయి. బృందం పెద్ద టోపీ తీసి, అమ్మా, రెండు గంటలు సైలెన్స్ కావాలి, దయచేసి సహకరించండి అన్నాడు.

హన్నమ్మ రాయి వెతుక్కుంటూ, తల ఎత్తకుండానే సమాధానం చెప్పింది.

"సైలెంటు కావాలంటే ఆ ఆఫీసుకు పొండి నాయనా. రెండేళ్ల నుంచి అడగతన్నా, ఆడ ఒక్కరూ నోరు తెరవరు. ఈడ మాత్రం కుదరదు."

వడిసెల తిరిగింది. రాయి వెళ్లింది. ఆమె గొంతు చీరుకుపోయిన కేక వెనకే వెళ్లింది. నాలుగు రోజులుగా అరిచి అరిచి ఆ గొంతులో సగం గాలే మిగిలింది. పిట్టలు లేవలేదు. గట్టు మీద నేను ఇంకా నిశ్శబ్దం పాటిస్తూనే ఉన్నాను. మర్యాదస్తుణ్ణి కదా! చివరికి చేతులు నోటి దగ్గర పెట్టుకుని, నేనూ అరిచాను.

అరెకరం మీద నుంచి గులాబీ మబ్బు లేచింది. ఒంగోలు పెద్దమనిషి చిన్నబుచ్చుకుని ఫోను తీశాడు. ఆటంకాల గడిలో నన్ను కూడా రాసుకున్నాడనుకుంటాను. రాసుకోనివ్వండి! ఆఫీసులో అయితే అదైనా రాయరు.