ఆగడం రేపటి పాఠం

ఇంజనీరు సర్వేశ్వరరావు ఆ రోజుకి వేసుకున్న ప్లానులో నీళ్ళ ప్రసక్తి స్నానం దగ్గర తప్ప ఇంకెక్కడా లేదు. లేవడం, గడ్డం గీసుకోవడం, ఇస్త్రీ చొక్కా తొడుక్కోవడం, పదింటికి సీలేరు నుంచి జీపులో వచ్చే పై ఆఫీసరు ఎస్‌.ఈ. గారికి గెస్ట్‌హౌస్ మెట్ల మీద వంగి నమస్కారం పెట్టడం. అంతే. ఆ ఒక్క నమస్కారం మీదే ఆయన సంసారమంతా ఆధారపడి ఉంది.

డొంకరాయి డ్యాము కాలనీలో ఆయన కాపురం పెట్టి చాలా ఏళ్ళయింది. కూతురు సోని పదో తరగతి పరీక్షలు రాసేసింది. జూన్‌లో విశాఖపట్నంలో ఇంటర్‌లో చేరుతుంది. దానికి తోడుగా భార్య సత్యకుమారి కూడా వెళ్ళి అక్కడే ఇల్లు తీసుకోవాలని తీర్మానమైపోయింది. ఈలోగా వైజాగ్ ట్రాన్స్‌ఫర్ రాకపోతే సర్వేశ్వరరావు ఈ కొండల మధ్య ఒంటిగాడైపోతాడు. ఆయనకు అన్నం వార్చడం రాదు, చీకట్లో ఒక్కడూ పడుకోలేడు. అన్నిటికీ మించి, భార్య రెండు చీవాట్లు పెట్టకపోతే ఆయనకు తెల్లవారినట్టే ఉండదు.

అదృష్టం కొద్దీ ఎస్‌.ఈ. గారు ట్రాన్స్‌ఫర్ ఆర్డరు తానే స్వయంగా తెచ్చి ఇస్తానని కబురు చేశారు. ఆ పెద్దమనిషికి డిపార్టుమెంటులో ఒక ఖ్యాతి ఉంది. ఏ కాగితమూ ఆయన బల్ల మీద పొద్దుగూకేదాకా ఉండదు. "పెండింగంటే నాకు గిట్టదయ్యా" అంటూ, ఆలోచన వచ్చేలోపే సంతకం పెట్టేస్తారు.

అంతా సవ్యంగానే ఉండేది, ముందురోజు సాయంత్రం బస్సు టాపు మీద పదకొండడుగుల పలక ఒకటి వేసుకుని బావమరిది లక్ష్మీప్రసాద్ దిగకపోయి ఉంటే. వాడు గోవాలో సముద్రం ఒడ్డున టూరిస్టులకు నీళ్ళ ఆటలు నేర్పుతుంటాడు.

"ఇదేట్రా, ఎవరింటి తలుపు పీక్కొచ్చేసేవు?" అన్నాడు సర్వేశ్వరరావు.

"తలుపు కాదు బావా! దీని మీద నిలబడి తెడ్డేసుకుంటూ నీళ్ళ మీద పోవడమే. గోవాలో తెల్లోళ్ళు క్యూలు కడతన్నారు. పొద్దున్నే అరగంట, నీకు నేర్పించేత్తాను."

"నాకు ఈతే రాదు."

"అందుకే కదా నీళ్ళలో తేలే జాకెట్టు కూడా తెచ్చేను!"

సత్యకుమారి వంటింట్లోంచి తీర్పు చెప్పేసింది. "పిల్లోడు అంత దూరం నించి మోసుకొచ్చేడు. అరగంట నిలబడితే మీ సొమ్మేటి పోతాది? బేగెళ్ళి బేగొచ్చీండి. ఉప్మా చల్లారిపోతే నేను మళ్ళీ వేడి సెయ్యను."

తీర్పు మీద అప్పీలు లేని కోర్టు అది. తెల్లారేసరికి సర్వేశ్వరరావు రిజర్వాయరు ఒడ్డున ఉన్నాడు. కొండ చాటున, గాలి తగలని మూలలో నీళ్ళు కంచంలో పోసినట్టు కదలకుండా ఉన్నాయి. ఆయన నడుముకి బావమరిది పువ్వుల నిక్కరు, ఒంటికి నారింజరంగు జాకెట్టు, తలకి తువ్వాలు. ఎండకి చర్మం కమిలిపోతుందని వాడు ముఖమంతా తెల్లటి క్రీము మెత్తాడు. నీళ్ళలో తన నీడ చూసుకుని సర్వేశ్వరరావు ఎవరో పగటివేషగాడనుకుని ఉలిక్కిపడ్డాడు.

"ముందు మోకాళ్ళ మీద కూర్చో బావా. అలాగ. ఇప్పుడు ఒక కాలు, ఆనక రెండోది. కాళ్ళకేసి చూడకు, ఎదర కొండకేసి చూడు."

సర్వేశ్వరరావు కొండకేసి చూశాడు. కులదైవాన్ని తలుచుకున్నాడు. వణుకుతూ వణుకుతూ లేచాడు. తీరా చూస్తే నిలబడే ఉన్నాడు! ఇంత వయసొచ్చాక తన ఒళ్ళు తన మాట వినడం ఆయన్ని నిలువునా ఆశ్చర్యంలో ముంచేసింది.

"నిలబడిపోయాన్రా!"

"శభాష్ బావా! తెడ్డెయ్యి! ఎడం పక్కోసారి, కుడి పక్కోసారి!"

తెడ్డు వేశాడు. పలక కదిలింది. ఇంకోసారి వేశాడు. పలక మూల దాటి బయటి నీళ్ళలోకి వచ్చింది. సరిగ్గా అప్పుడే లోయలోంచి పొద్దుటి గాలి లేచి ఆయన వీపు మీద చెయ్యి వేసింది.

"ఒరే, ఆగడం ఎలాగరా?"

"అది రేపటి పాఠం బావా!"

"నాకిప్పుడు కావాలి!"

"కూచుండిపో బావా, కూచుండిపో!"

చెప్పినంత సులువా! భయానికి మోకాళ్ళు కొయ్యబారిపోయాయి. గాలి ఆయన్ని నిలబెట్టినవాణ్ణి నిలబెట్టినట్టే కొండ మలుపు దాటించేసింది. వెనక లక్ష్మీప్రసాద్ కేకలు సన్నబడి ఆగిపోయాయి. తలమీది తువ్వాలు ఎగిరి నీళ్ళలో పడింది. దానికోసం వంగితే తానూ దాని వెనకే పోతానని సర్వేశ్వరరావు దాన్ని వదిలేశాడు. ఆ గుడ్డముక్క కొంప ముంచుతుందని ఆయన కలలో కూడా అనుకోలేదు.

అవతలి ఒడ్డున ఒక చిన్న ఊరుంది. సీలేరు రోడ్డు ఆ ఊరి మధ్యనుంచే కాలనీకి పోతుంది. పలక మెత్తగా వెళ్ళి ఆ ఊరి రేవు బురదలో దిగబడింది. సర్వేశ్వరరావు "హమ్మయ్య" అనుకుంటూ నేల మీద కాలు పెట్టాడు. ఇక ఊళ్ళోంచి రోడ్డెక్కితే చాలు, ఎస్‌.ఈ. గారు వచ్చేలోపు ఇల్లు చేరొచ్చు.

రేవులో ఆడవాళ్ళంతా గుంపుగా నిలబడి ఉన్నారు. మగపురుగు ఒక్కటి లేదు. ముందు నిలబడ్డది రత్నాలు. కాలనీ సంతకి పసుపూ చింతపండూ తెచ్చే మనిషి.

"ఎవురనుకున్నాను, ఇంజినీరుబాబే!" అంది రత్నాలు.

"మొకానికి సున్నమేటే పిన్నీ?" అంది పక్కనున్న చిట్టి.

"అదుండనీ. బాబూ, ఏటి తెచ్చినావు?"

"ఏమీ తేలేదమ్మా. కాస్త దారిస్తే వెళ్ళిపోతాను."

"ఏటీ తేనేదంటర్రో!" అని రత్నాలు చప్పట్లు చరిచింది. ఆడవాళ్ళంతా ఒక్క పెట్టున గొల్లుమన్నారు.

అది చైత్రమాసం. కొండల మీద ఇటుకల పండగ నడుస్తోంది. ఆ రోజుల్లో ఊళ్ళో మగవాళ్ళంతా వేటకి పోతారు. ఏదైనా కొట్టి తెచ్చినవాడికి పాటలూ ఆటలూ. వట్టి చేతులతో వచ్చినవాడికి పేడనీళ్ళు. సర్వేశ్వరరావు ఏటేటా ఈ సంగతి వింటూనే ఉన్నాడు, కాలనీ వరండాలో కూర్చుని నవ్వుకుంటూ. అది తన నెత్తి మీదికి రావచ్చని మాత్రం ఎప్పుడూ తట్టలేదు.

"అయ్యో, నేను వేటకెళ్ళలేదమ్మా! నిలబడడం నేర్చుకోడానికెళ్ళాను!"

"నిలబడ్డం నేర్సుకున్నాడంట! నీకు నడక వొచ్చు గదా బాబూ?" అంది రత్నాలు. "పొద్దున్నే పోయినావు. సేతిలో అంత పొడుగు కర్రుంది. ఉత్తసేతుల్తో వొచ్చినావు. మా మొగోళ్ళూ ఇలాటి కబుర్లే సెప్తారు."

"నేను గవర్నమెంటు ఇంజనీర్ని!"

"అయితే పెద్ద ముంతతో పొయ్యండే!"

చిట్టి పోసింది. చల్లగా, చిక్కగా, నెత్తి మీదనుంచి జాకెట్టు లోపలికి దిగింది. సర్వేశ్వరరావు నోరు తెరిచి అలాగే ఉండిపోయాడు. అది పొరపాటని, రెండో ముంత పడ్డాక గాని ఆయనకు తెలియలేదు.

"అమ్మా, పదింటికి ఎస్‌.ఈ. గారొస్తారు," అన్నాడు చేతులు జోడించి. "నేను లేకపోతే నా ట్రాన్స్‌ఫర్ గాల్లో కలిసిపోతుంది. నా పెళ్ళాం నన్నిక్కడ వదిలేసి వైజాగ్ పోతుంది. ఒక్కణ్ణీ బతకలేనమ్మా!"

రత్నాలు కాస్త మెత్తబడింది. "పెద్ద జంతువు లేకపోతే పోనీ, నీళ్ళలో సేపనైనా పట్టి తే. తెచ్చినావా, పాట పాడి మరీ తీసుకెల్తాం. తేకపోతే ఊళ్ళో అడుగెట్టనేవు. ఏట తేనోడి కాడ ఏ పెల్లాం ఉంటాది బాబూ?"

ఆ మాట ఆయనకు బాణంలా తగిలింది. వెనక్కి తిరిగి పలక ఎక్కాడు. ఈసారి నిలబడే సాహసం చెయ్యలేదు. బోర్లా పడుకుని చేతులతో నీళ్ళు తోసుకుంటూ, ఎలాగోలా ఒడ్డంట పోయి ఊరు దాటి తేలదామనుకున్నాడు. పది బారలు పోయేసరికి పలక దేనికో తగులుకుని గిర్రున తిరిగి ఆయన్ని నీళ్ళలోకి విసిరేసింది.

అది, సుక్రు అనే అతను వేటకి పోయేముందు కట్టి వెళ్ళిన చేపల వల. సర్వేశ్వరరావు అందులో కాలు పెట్టాడు, చెయ్యి పెట్టాడు, తీసుకుందామనుకుని తల కూడా పెట్టాడు. జాకెట్టు పుణ్యమా అని మునగలేదు గాని, "సత్యా! సత్యా!" అని కొండలు మారుమోగేలా అరిచాడు. ఆడవాళ్ళు పరుగెత్తుకొచ్చి ఒడ్డున ఉన్న వల తాడు పట్టుకుని లాగారు. పలక వచ్చింది, ఇంజనీరు వచ్చాడు, ఆయన చంకలో ఇరుక్కుని మోచేయి పొడుగు బొచ్చె చేప ఒకటి ఎగిరెగిరి పడుతూ వచ్చింది.

రత్నాలు చేపని చూసి అరిచింది. "ఏట దొరికిందర్రో!"

ఇక ఆయన ఏం చెప్పినా ఎవరూ వినలేదు. పేడ కడిగేశారు. నుదుట పసుపు పెట్టారు. చేప చేతికిచ్చారు. డప్పు ఎక్కణ్ణించి వచ్చిందో, మోగింది. ఊరి మధ్య రోడ్డు మీద ఆడవాళ్ళంతా ఒకరి నడుం మీదుగా ఒకరు చేతులు వేసుకుని థింసా మొదలుపెట్టారు, ఆ వరసలో రత్నాలుకీ చిట్టికీ నడుమ పువ్వుల నిక్కరుతో ఇంజనీరు సర్వేశ్వరరావు. రెండడుగులు ముందుకి, ఒకటి వెనక్కి. నాలుగు చుట్లయ్యేసరికి పాదాలు వాటంతటవే పడసాగాయి. ఇన్నేళ్ళుగా వరండాలోంచి చూసిన ఆట ఇంత హాయిగా ఉంటుందా అని ఆయన విస్తుపోయాడు. ఆ కాసేపూ ట్రాన్స్‌ఫర్ మాటే మరిచిపోయాడు.

జీపు హారను మోగాక గుర్తొచ్చింది.

జీపులోంచి ఎస్‌.ఈ. గారు దిగారు. చేతిలో పెద్ద బంతిపూల దండ. ఆయన వెనకే సీలేరులో పనిచేసే ఇంజనీరు ధనరాజు దిగాడు, నల్ల బ్యాడ్జీ పెట్టుకుని. సర్వేశ్వరరావుని చూడగానే ఎస్‌.ఈ. గారి చేతిలోని దండ జారిపోయింది. ధనరాజు జీపు తలుపు పట్టుకుని నిలదొక్కుకున్నాడు.

"నువ్వు... నువ్వు నీళ్ళలో కొట్టుకుపోలేదా?" అన్నారు ఎస్‌.ఈ. గారు.

"లేదు సార్. ఒడ్డుకే కొట్టుకొచ్చాను."

"మరి తువ్వాలొక్కటే దొరికిందని మీ కాలనీ నుంచి ఫోనొచ్చిందయ్యా! మీ బావమరిది గుండెలు బాదుకుంటున్నాడని చెప్పారు!"

సర్వేశ్వరరావుకి విషయం మెల్లగా అర్థమైంది. కింద పడిన దండని చిట్టి తీసి, వేటగాడికి తెచ్చారని మురిసిపోతూ ఆయన మెడలో వేసింది. తన శవం కోసం కొన్న దండ బతికుండగానే మెడలో పడింది. అయినా ప్రాణం కంటె ఆర్డరు మీదే ధ్యాస.

"సార్... నా వైజాగ్ ఆర్డరు తెచ్చారా?"

ఎస్‌.ఈ. గారు గొంతు సవరించుకున్నారు. "తెచ్చానయ్యా. తేకేం. కానీ బయల్దేరబోతుంటే ఫోనొచ్చింది. పోయినవాడి పేరు మీద సీటు అట్టేపెట్టడం... పెండింగంటే నాకు గిట్టదని నీకు తెలుసు కదా. ధనరాజు పక్కనే ఉన్నాడు. పేరు మార్చి సంతకం పెట్టేశాను."

"సార్, నేను బతికే ఉన్నాను!"

"ఆ సంగతి నాకిప్పుడే కదా తెలిసింది. సంతకం పొద్దున్నే పెట్టాను."

"నేనొద్దన్నాను అన్నయ్యా," అన్నాడు ధనరాజు, ఏడుపుముఖం పెట్టడానికి శతవిధాలా ప్రయత్నిస్తూ. "సారే వినలేదు."

అంతలో కాలనీ వైపు నుంచి ఆయన్ని వెతుక్కుంటూ వ్యాను వచ్చి ఆగింది. ముందు సత్యకుమారి దిగింది, ఏడ్చి ఏడ్చి ఉబ్బిపోయిన కళ్ళతో. వెనక సోని, ఆ వెనక తడి తువ్వాలు గుండెకి హత్తుకుని లక్ష్మీప్రసాద్. సత్యకుమారి మొగుణ్ణి ఆపాదమస్తకం చూసింది. పసుపు, బంతిపూలు, చేప, పువ్వుల నిక్కరు. జనం ఉన్నారని కూడా చూడకుండా ఆయన చెయ్యి పట్టుకుని భోరుమంది.

"సత్యా, ట్రాన్స్‌ఫర్ పోయింది," అన్నాడు సర్వేశ్వరరావు చిన్నపిల్లాడిలా.

"పోతే పోనీండి!" అంది ఆమె కొంగుతో ఆయన ముఖాన మిగిలిన క్రీము తుడుస్తూ. "సోని గుంటని హాస్టల్లో పడేద్దాం. నేనెక్కడికీ వెళ్ళను. అరగంట వదిలితే ఇలాగ తయారయ్యేరు. ఏడాది వదిలితే ఏటైపోతారో! పదండి, ఆ ఉప్మా మళ్ళీ వేడి సేస్తాను."

సర్వేశ్వరరావుకి కళ్ళ నీళ్ళు తిరిగాయి. ఉప్మా మళ్ళీ వేడి చెయ్యడమంటే సత్యకుమారి దృష్టిలో అదెంత పెద్ద మాటో ఆయనకొక్కడికే తెలుసు. రత్నాలు చేపని ఆకులో చుట్టి ఆమె చేతిలో పెట్టింది. "నీ మొగుడు ఏటాడి తెచ్చినాడమ్మా. ఇంక ఒగ్గేసి పోకు," అంది.

వ్యాను ఎక్కుతుంటే లక్ష్మీప్రసాద్ బెరుకు బెరుగ్గా తువ్వాలు అందించాడు.

"ఏదైనా బావా, మొదటిరోజే నిలబడ్డావు. సగం వచ్చేసినట్టే. రేపు పొద్దున్న ఆగడం నేర్పించేత్తాను."

ఆ అవసరం లేకపోయింది. ఉన్నచోటే ఆగడం సర్వేశ్వరరావుకి ఎస్‌.ఈ. గారు ఆ పొద్దున్నే ఒక్క సంతకంతో నేర్పేశారు.