ప్రిన్సిపాల్ గారు చివర్న మాట్లాడిన ఆదివారం

ప్రజాస్వామ్యం మీద లోకమంతా మెచ్చిన ఒక పాత పుస్తకం గురించి ఆదివారం పదింటికి సెమినార్ హాల్లో అధ్యాపకులంతా స్వేచ్ఛగా చర్చిస్తారనీ, స్వేచ్ఛగా రానివాళ్లు సోమవారం సంజాయిషీ ఇచ్చుకోవాలనీ ప్రిన్సిపాల్ గారు సర్క్యులర్ జారీ చేశారు. కాలేజీ పుట్టాక ఇంత ఉదారమైన సర్క్యులర్ రాలేదని వైస్ ప్రిన్సిపాల్ గారు స్టాఫ్ రూమంతా తిరిగి చెప్పారు.

వైస్ ప్రిన్సిపాల్ గారు సామాన్యులు కారు. ప్రిన్సిపాల్ గారు "ఈ గది కాస్త..." అనగానే, ఉక్కగా ఉందంటారో చల్లగా ఉందంటారో తేలకముందే ఒప్పేసుకోగల దిట్ట. నెలాఖరుకి ప్రిన్సిపాల్ గారి పదవీకాలం అయిపోతోంది. ఆయన ఎవరి పేరు చెబితే వాళ్లకే ఆ కుర్చీ అని యాజమాన్యం మాటిచ్చింది. ఇన్నేళ్లు ఊపిన తల ఊరికే పోతుందా అని వైస్ ప్రిన్సిపాల్ గారి ధీమా.

"ఇంతకీ పుస్తకం చదివారా?" ఆదివారం పొద్దున్న ఆయన చొక్కా ఇస్త్రీ చేస్తూ అడిగింది భార్య.

"నేను చదవడమెందుకే? ప్రిన్సిపాల్ గారు చదివే ఉంటారుగా. ఆయన బాగుందంటే బాగున్నట్టు."

"ఆయనా చదవకపోతేనో?"

"ఛ, బయల్దేరేటప్పుడు అవేం మాటలు!"

హాల్లో ప్రిన్సిపాల్ గారు మైకు అందుకున్నారు. "ఇన్నాళ్లూ నేను ముందు మాట్లాడాను, మీరు తర్వాత మాట్లాడారు. ఇవాళ ప్రజాస్వామ్యం. ముందు మీరు, చివర్న నేను."

వైస్ ప్రిన్సిపాల్ గారు ఊపబోయిన తలని మధ్యలోనే ఆపేశారు. ఎటు ఊపాలో తెలియకుండా తల ఎలా ఊపడం? పాపం, పగవాడికి కూడా రాకూడని కష్టం.

ఫిజిక్స్ హెడ్ ధైర్యం చేసి లేచారు. "ఒకవైపు నుంచి చూస్తే ఇది గొప్ప పుస్తకం సర్. రెండోవైపు నుంచి చూస్తే..." అని ప్రిన్సిపాల్ గారి మొహంలోకి చూశారు. అక్కడేం కనబడలేదు. "అటు నుంచి చూసినా పుస్తకమే సర్" అని కూర్చున్నారు.

"పేజీలు ఎక్కువే గానీ, తగ్గిస్తే చిన్నదైపోతుంది" అన్నారు లెక్కల మాస్టారు.

జువాలజీ మేడమ్ కొత్తగా చేరింది, ఇక్కడి గాలివాటం ఇంకా తెలియదు. "మెజారిటీ కూడా పొరపాటు చెయ్యొచ్చంటాడు సర్ రచయిత" అనేసింది. ప్రిన్సిపాల్ గారి తల కిందికి వంగింది.

అంతే! "అక్షరసత్యం!" అన్నారు వైస్ ప్రిన్సిపాల్ గారు. మెజారిటీ పొరపాటు చెయ్యొచ్చని సభ ఏకగ్రీవంగా తీర్మానించింది. ఈలోగా ప్రిన్సిపాల్ గారు కింద పడ్డ పెన్ను తీసుకుని తల పైకెత్తారు.

"నేనొప్పుకోను. పదిమంది చెప్పిందే న్యాయం" అన్నారు.

మెజారిటీ ఎన్నడూ పొరపాటు చెయ్యదని సభ మళ్లీ ఏకగ్రీవంగా తీర్మానించింది. ఈసారి ముందుగా చెయ్యెత్తింది జువాలజీ మేడమే. పిల్ల చురుకైంది.

ప్రిన్సిపాల్ గారు కదిలిపోయారు. "అయితే నా తర్వాత ఎవరో నేనెందుకు చెప్పాలి? మీరే చెప్పండి. చీటీ మీద ఒక్క పేరు రాసి వెయ్యండి. నేనూ వేస్తాను."

"సర్, తమరి ఉద్దేశం కాస్త..." అని నసిగారు వైస్ ప్రిన్సిపాల్ గారు.

"రహస్యం" అన్నారు ప్రిన్సిపాల్ గారు.

చీటీ ముందు పెట్టుకుని వైస్ ప్రిన్సిపాల్ గారు చెమటలు కక్కారు. సొంత పేరు రాసుకోవాలని చెయ్యి ఒకటే దురద పెడుతోంది. కానీ ఇది విశ్వాసానికి పరీక్షయితే? పెద్దాయన బతికుండగానే కుర్చీ లాగుతున్నాడంటే? ఆయన కళ్లు మూసుకుని ప్రిన్సిపాల్ గారి పేరే రాసి మడతపెట్టారు.

మైకు ముందు నిలబడి చీటీలు చదివి లెక్కపెట్టే భారం ఆయన మీదే పడింది. విప్పిన ప్రతి చీటీలోనూ ప్రిన్సిపాల్ గారి పేరే. అందరూ తనలాంటి బుద్ధిమంతులేనని సంతోషించేలోపు ఆఖరి చీటీలో తన పేరు కనబడింది. హాలంతా ఆయనకేసే చూసింది.

"సర్, ఇది నేను రాయలేదు! నా పిల్లల మీద ఒట్టు!" వైస్ ప్రిన్సిపాల్ గారు చీటీని బల్ల మీద పడేశారు. "ఎవడో బుద్ధిలేనివాడు, తిన్నింటి వాసాలు లెక్కపెట్టే రకం! మీరుండగా నేనా?"

"అంటే, మీకు అర్హత లేదంటారా?" అడిగారు ప్రిన్సిపాల్ గారు.

"బొత్తిగా లేదు సర్!"

"మీరేమంటారు?" అని ప్రిన్సిపాల్ గారు సభ వైపు తిరిగారు.

"అస్సలు లేదు సర్" అన్నారు ఫిజిక్స్ హెడ్. ఆ రోజు ఆయన మనసులోంచి మాట్లాడిన మాట అదొక్కటే. సభ దాన్నీ ఏకగ్రీవంగా తీర్మానించింది.

ప్రిన్సిపాల్ గారు ఆ ఆఖరి చీటీ అందుకుని, మడిచి జేబులో పెట్టుకున్నారు.

"ఆ బుద్ధిలేనివాణ్ణి నేనేలెండి" అన్నారు. "పోనివ్వండి, పదిమంది మాట కాదనకూడదు. ఇంకో మూడేళ్లు నేనే మోస్తాను."

చప్పట్లు మారుమోగాయి. వైస్ ప్రిన్సిపాల్ గారివే అందరికన్నా గట్టిగా వినబడ్డాయి. మైకు ఆయన ముందుంది మరి.