పదకొండో వార్డు వినికిడి గది

ఈ నగరంలో ఇకపై ఏ ఒక్కరూ పక్కవాడికంటే ఎక్కువగా గానీ తక్కువగా గానీ జబ్బుపడి ఉండరాదని నగర ఆరోగ్య ప్రణాళికా విభాగం ఏకగ్రీవంగా తీర్మానించింది. తీర్మానం నూట పన్నెండు పేజీలు. అట్టమీద అయిదు రంగుల చేతులు ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. (అందులో ఒక చేతికి ఆరు వేళ్ళున్నాయని నేను రాసి పంపాను. అది వైవిధ్యంలో భాగమని జవాబొచ్చింది.)

ఆ విభాగం అచ్చువేయించే కాగితాలకి ప్రూఫులు దిద్దేది నేనే. అందుచేత ఇక్కడ చెప్పబోయేదాంట్లో కొంత కళ్ళారా చూసింది, మిగతాది ఒత్తులతో సహా చదివింది.

మా పదకొండో వార్డు ఆ తీర్మానానికి కొలిచి కుట్టినట్టు సరిపోయింది. అందరం ఎక్కడెక్కడినుంచో వచ్చిపడ్డవాళ్ళం. ఒక్క మెట్ల వరస మీదే నాలుగు భాషల్లో తిట్టుకుంటాం. వార్డు మొత్తానికి ఒక ఆరోగ్య కేంద్రం, దానికి రెండు గదులు. ముందు గదిలో డాక్టరుగారు వారానికి రెండు రోజులు కూర్చుంటారు. వెనక గదిలో నర్సమ్మ ఆరు రోజులు నిలబడుతుంది. కుళాయి, సింకు, ఎత్తుబల్ల, తెల్లటి దీపం ఉన్న ఆ వెనక గదిని జనం కట్ల గది అనేవారు. షుగర్ పుళ్ళు, కాలిన చేతులు, మిషన్లో పడ్డ వేళ్ళు అన్నీ అక్కడికే చేరేవి. నర్సమ్మకి "నొప్పిగా ఉందా", "కదలకు", "ఎల్లుండి మళ్ళీ రా" అన్న మూడు మాటలు ఏడు భాషల్లో వచ్చు. నాలుగో మాట ఏ భాషలోనూ రాదు, సొంత భాషతో సహా.

నేను అద్దెకుండే గది కిందే టైలరక్క దుకాణం. దుకాణం వెనకే ఆవిడా, ఆవిడ అత్తగారూ ఉండేవారు. భర్త పోయాక ఆ ముసలావిణ్ణి తీసుకెళ్తామని ఆడపడుచులెవరూ అనలేదు, ఈవిడా పంపిస్తానని అనలేదు. ముసలావిడ కుడి పాదం కింద షుగర్ పుండు. రోజు విడిచి రోజు నర్సమ్మ దాన్ని కడిగి కట్టు కట్టేది. టైలరక్క ఏదైనా గుండీలతోనే కొలుస్తుంది. "కోటు గుండీ అంత ఉండేది బాబాయ్, చొక్కా గుండీ అంతకొచ్చింది" అని నాకు సంబరంగా చెప్పింది ఒకరోజు.

ఆ మర్నాడే సమానత్వాధికారి దిగాడు.

చిన్నవాడు, మర్యాదస్తుడు, ఎదుటివాళ్ళు చెప్పేటప్పుడు తల ఊపుతాడు. నిజంగా మంచివాడు కూడా. (ఆ మాట చెప్పకపోతే అన్యాయం. దానివల్ల ఎవరికీ ఒరిగిందేమీ లేదనుకోండి.) ఆయన రెండు వారాలు పరిశోధించి తేల్చింది ఇది: కేంద్రానికి వచ్చేవాళ్ళ సంగతి కేంద్రానికి తెలుసు. రానివాళ్ళు ఎందుకు రావడం లేదో తెలియదు. తెలియాలంటే వాళ్ళ మాట వినాలి. వినాలంటే గది కావాలి. ఉన్నవి రెండు గదులు. డాక్టరుగారి గది తలుపుకి ఆయన పేరున్న పలక మేకులతో బిగించి ఉంది కనుక వెనక గదే మిగిలింది.

ఎత్తుబల్ల సామాన్ల కొట్లోకి పోయింది. దాని స్థానంలో గుండ్రటి బల్ల, ఆరు మెత్తటి కుర్చీలు, ఒక ప్లాస్టిక్ మొక్క, ఎవరైనా కంటతడి పెడితే తుడుచుకోవడానికి కాగితాల పెట్టె వచ్చాయి. సింకు పీకడానికి వేరే శాఖ అనుమతి కావాలి కాబట్టి దానిమీద పూల గుడ్డ కప్పారు. తలుపుమీద "వినికిడి గది" అని బోర్డు పెట్టారు.

మర్నాడు పొద్దున్నే చెవులు సరిగ్గా వినపడనివాళ్ళు పదకొండు మంది వరస కట్టారు. నేను నాలుగోవాణ్ణి. నా ఎడమ చెవి ఏడాదిగా పనిచేయడం లేదు.

"చెప్పండి, వింటున్నాను" అన్నాడు అధికారి.

"ఏంటీ?" అన్నాను.

"వింటున్నానండీ!"

"మీరు వింటే ఏం లాభం బాబూ? వినపడాల్సింది నాకు కదా."

ఆయన అదీ రాసుకున్నాడు. "మొదటిరోజునే అనూహ్య ప్రజాస్పందన" అన్న వాక్యం వారం తర్వాత నా దగ్గరికే ప్రూఫుకి వచ్చింది.

కట్లు పెద్దాసుపత్రికి మార్చారు. అక్కడికి రెండు బస్సులు మారాలి, ఒక వంతెన నడవాలి, ఒక చీటీ కోసం నిలబడాలి, ఆ చీటీ చూపించి ఇంకో చీటీ తీసుకోవాలి. టైలరక్క రోజు విడిచి రోజు దుకాణం మూసి అత్తగారిని తీసుకెళ్ళింది. తర్వాత మూడు రోజులకోసారి. ఆ తర్వాత వారానికోసారి. చొక్కా గుండీ మళ్ళీ కోటు గుండీ అయింది.

అప్పుడు ఆవిడ అత్తగారిని నడిపించుకుంటూ వినికిడి గదికే వెళ్ళింది. తోడుగా నన్నూ రమ్మంది.

అధికారి పెద్దావిడకి మెత్తటి కుర్చీ చూపించి, ఫారం తెరిచాడు.

"అమ్మా, ఈ కేంద్రంలో వైద్యం పొందడానికి మీకు అడ్డంకిగా ఉన్నదేమిటి?"

"ఈ గదే నాయనా."

ఆయన పట్టికలో వెతికాడు. భాష, దూరం, సిగ్గు, నమ్మకం లేకపోవడం, తీరిక లేకపోవడం ఉన్నాయి. గది లేదు.

"సిగ్గు అని వెయ్యమంటారా?"

"వేసుకో. ఎవరికుండాలో వాళ్ళకి లేదని కూడా రాసుకో."

టైలరక్క కల్పించుకుంది. "సార్, ఇదిగో, ఈ గుడ్డ కిందే సింకుంది. పావుగంట పని. ఆవిడ ఈ కుర్చీలోనే కూర్చుంటుంది, నర్సమ్మ కట్టేస్తుంది. మీ పని మీరు చేసుకోండి."

"నాకూ బాధగానే ఉందమ్మా. కానీ ఇది వినే గది. ఇక్కడ వైద్యం చేస్తే వినడం మీద దృష్టి తగ్గిపోతుంది" అని ఆయన కాగితాల పెట్టె ముందుకు జరిపాడు. ముసలావిడ రెండు కాగితాలు తీసి పాదం తుడుచుకుంది.

అయితే ఆవిడ మాటలు వృథా పోలేదు. నెల తిరక్కుండా టైలరక్కకి ఒక ఉత్తరం వచ్చింది. ఆమెను ప్రణాళికా సంఘంలో "అనుభవ సభ్యురాలు"గా నియమించారు. సమావేశం సరిగ్గా కట్టు మార్చాల్సిన రోజునే పడింది.

"అత్తయ్యా, ఆసుపత్రికి వెళ్దామా, ఆసుపత్రి గురించి మాట్లాడ్డానికి వెళ్ళనా?"

"మాట్లాడిరా. ఒక్కరోజులో నా కాలెక్కడికీ పారిపోదు."

సమావేశం తొమ్మిదో అంతస్తులో. లిఫ్టు మరమ్మతులో ఉంది. (చర్చనీయాంశాల్లో మొదటిది: మెట్లెక్కలేనివారి హక్కులు.) ఎక్కివచ్చిన పందొమ్మిది మంది చెమటలు ఆరాక టైలరక్క వంతు వచ్చింది. ఆమె పక్కన ఒక దుబాసీని కూర్చోబెట్టారు.

"నాకు మన భాష వచ్చండీ" అంది ఆమె.

"తెలుసమ్మా. బస్తీ సభ్యులందరికీ దుబాసీ ఉండాలని నియమం" అన్నారు అధ్యక్షురాలు.

టైలరక్క లేచి నిలబడింది. "మా అత్తయ్య కాలు కుళ్ళిపోతోందండీ. మీరు మా కట్ల గది తీసేసుకున్నారు. తిరిగిచ్చెయ్యండి."

దుబాసీ గొంతు సవరించుకుని అదే భాషలోకి అనువదించాడు: "క్షేత్రస్థాయిలో సేవల నిరంతరతకు సంబంధించిన కొన్ని సున్నితమైన పరిశీలనలను గౌరవ సభ్యురాలు సభ దృష్టికి తెస్తున్నారు."

సభ బల్లలు చరిచింది.

"అది కాదండీ నేనన్నది!"

"తమ అభిప్రాయాన్ని భిన్న కోణాల్లో చూడవచ్చునని సభ్యురాలు పెద్దమనసుతో అంగీకరిస్తున్నారు."

టైలరక్కకి ఒళ్ళు మండింది. "ఏడో వార్డులో కట్ల గది ఉందిగా! వాళ్ళకుండి మాకెందుకు లేదు?" అని అరిచింది.

ఈసారి దుబాసీ అవసరం లేకపోయింది. అధ్యక్షురాలు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "అసమానత అంటే ఇదీ. ముప్ఫయ్యేళ్ళ సర్వీసులో నాకింత సూటిగా ఎవరూ చెప్పలేదు" అన్నారు. మామూలుగా ఏ తీర్మానానికైనా ఏడాది పట్టే ఆ సంఘం తొమ్మిది నిమిషాల్లో ఆ అసమానతను రూపుమాపింది. ఏడో వార్డు కట్ల గదిని కూడా మూసేశారు. గోడమీది పటంలో రెండు వార్డులకీ ఒకే ఆకుపచ్చ రంగు పడింది. టైలరక్కకి ఒక ప్రశంసాపత్రం ఇచ్చారు.

"బాబాయ్, నేనేమన్నాను, వాళ్ళేం విన్నారు?" అని ఆవిడ మర్నాడు మా మెట్లమీద కూలబడి అడిగింది. సభావివరాల ప్రూఫులు అప్పటికి నా బల్లమీదే ఉన్నాయి. చూపించడానికి నాకు చేతులు రాలేదు.

సోమవారం ఏడో వార్డునుంచి ఒక తాపీమేస్త్రీ వచ్చాడు. సున్నం పడి కాలిన చేతికి పాత తువ్వాలు చుట్టుకుని ఉన్నాడు. దుకాణం గడప దగ్గర నిలబడి, "మా గది మూయించింది నువ్వేనటగా అమ్మా?" అన్నాడు. కోపంగా కూడా అనలేదు. ఆ రోజు టైలరక్క కుట్టిన నాలుగు చొక్కాలకీ చేతులు తలకిందులుగా పడ్డాయి. నాలుగూ విప్పి మళ్ళీ కుట్టింది.

ఆ తర్వాతి వారం పెద్దాసుపత్రిలో ముసలావిడ రెండు కాలివేళ్ళు తీసేశారు. ఇంటికొచ్చాక ఆవిడ కట్టువైపు చూసుకుని, "పోనీలే, చెప్పులు ఒక సైజు తక్కువ సరిపోతాయి" అంది. నవ్వించడానికే అంది. భర్త పోయినప్పుడు పనిమానేసి ఏడవని టైలరక్క, ఆ రోజు మిషను మీద తలపెట్టి ఏడ్చింది.

(ఇక్కడ బ్రాకెట్లో రాయడానికి నా దగ్గర ఏమీ లేదు.)

ఈలోగా అధికారికి మరో నాలుగు వార్డులు వినే బాధ్యత అప్పగించారు. మా వార్డులో వినడానికి మనిషి లేకపోవడంతో, "సదరు నర్సు సదరు గదిలో కూర్చుని, వచ్చినవారు చెప్పునది శ్రద్ధగా వినవలెను" అని ఉత్తర్వు వచ్చింది. టైలరక్క దాన్ని నాచేత మూడుసార్లు చదివించుకుంది.

"వినమన్నారు, బాగానే ఉంది. వింటున్నప్పుడు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో రాశారా బాబాయ్?"

"లేదమ్మా."

"అచ్చులో ఎక్కడైనా ఎగిరిపోయిందేమో చూడండి."

"ఎగిరిపోలేదు. రాయలేదంతే."

"అయితే సరే" అని ఆవిడ తిన్నగా కేంద్రానికి వెళ్ళి సింకు మీది పూల గుడ్డ లాగి పారేసింది. నర్సమ్మ ఆ గుడ్డవైపు చూసింది, ఉత్తర్వువైపు చూసింది, అలమార తెరిచింది. కట్ల గది మూసినా దూది రావడం ఆగలేదు. ఆపమని ఎవరూ రాయలేదు కనుక నెలనెలా వచ్చి పేరుకుంటూనే ఉంది.

ముసలావిడ ఒక మెత్తటి కుర్చీలో కూర్చుని ఇంకో మెత్తటి కుర్చీమీద కాలు చాపింది.

"చెప్పు పెద్దమ్మా, వింటున్నాను" అంది నర్సమ్మ కత్తెర అందుకుంటూ. ఆ వాక్యం ఆవిడకి అదే కొత్త.

"ఎక్కడ మొదలుపెట్టనే?"

"ఎక్కడైనా. కదలకు."

ముసలావిడ తన పెళ్ళినాటి సంగతులతో మొదలుపెట్టింది. మూడోరోజుకి కథ పెద్ద ఆడపడుచు దాకా వచ్చింది. నెల తిరిగేసరికి రోజుకి నలభై మంది తమ మాట వినమని వరసలో నిలబడుతున్నారు. అందరికీ ఎక్కడో ఒకచోట పుండే. మేస్త్రీ కూడా వచ్చాడు. టైలరక్కే ఆయన చెయ్యి పట్టుకుని కుళాయి కింద పెట్టింది. మర్నాడు ఒంటిచేత్తో వచ్చి, దుకాణం ముందు విరిగిన మెట్టుకి సిమెంటు పూసి వెళ్ళాడు.

విన్న ప్రతిసారీ ఒక కాగితం నింపాలి: "మీ మాట విన్న తరువాత మీకెలా ఉన్నది?" జనం అబద్ధమాడలేదు. "నొప్పి తగ్గింది" అని రాయించారు. "వాపు తీసింది", "చెయ్యి మూయగలుగుతున్నాను", "పుండు మానింది" అని రాయించారు.

నాలుగు నెలలకి అధికారి తిరిగొచ్చాడు. కాగితాలన్నీ కుర్చీలో కూర్చుని చదివాడు. కళ్ళు చెమర్చాయి. ఆ సమయానికి టైలరక్క అక్కడే ఉంది. ముసలావిడ పుండు గుండుసూది తలంత మిగిలింది. ఎందుకొచ్చిన గొడవ, ఊరుకోమని నర్సమ్మ సైగ చేస్తున్నా ఆవిడ ఊరుకోలేకపోయింది.

"సార్, మీరు మంచివారు, మిమ్మల్ని మోసం చేయలేను. మానింది వినడం వల్ల కాదు సార్. కట్టు వల్ల. నర్సమ్మ రోజూ ఇక్కడే కట్లు కడుతోంది. ఈ గదిని మళ్ళీ కట్ల గదే చెయ్యండి, మీకు పుణ్యముంటుంది."

అధికారి తల ఊపాడు. ఒక్కమాటా వదలకుండా రాసుకున్నాడు. వెళ్ళేముందు ఆవిడకి రెండు చేతులూ జోడించాడు.

నిన్న వార్షిక ప్రణాళిక ప్రూఫు వచ్చింది. నలభై ఒకటో పేజీలో టైలరక్క మాట ఉంది: "స్వస్థతకు కారణం వినడమేనని లబ్ధిదారులు సైతం గుర్తించలేనంత సహజంగా ఈ విధానం పనిచేయుచున్నది." దానికిందే తీర్మానం: "వినడం ద్వారా పుండ్లు మానుచున్నట్లు పదకొండవ వార్డునందు నిస్సందేహముగా రుజువైనందున, నగరంలోని అన్ని ఆరోగ్య కేంద్రములకు దూది, బ్యాండేజీ గుడ్డల సరఫరాను వచ్చే నెల ఒకటో తేదీ నుండి ఎట్టి వివక్షా లేకుండా నిలిపివేయడమైనది."

రెండుసార్లు చదివాను. ఒక్క తప్పూ లేదు.